ప్రతిక్షేపణ పద్ధతి: ఎలా చేయాలి, తప్పు ఎక్కడ దొర్లిందో ఎలా పట్టుకోవాలి

తెలియని రాశులు రెండు ఉన్నాయి, వాటిని కలిపే రేఖీయ సమీకరణాలు రెండు ఉన్నాయి. రెండింటికీ సరిపోయే విలువల జత కనుక్కోవాలి. ప్రతిక్షేపణ పద్ధతిలో చేసేదల్లా ఇదే: ఒక సమీకరణంలోంచి ఒక చరరాశిని రెండో చరరాశి రూపంలో రాసుకుంటాం, ఆ రాసుకున్నదాన్ని తీసుకెళ్లి మిగిలిన సమీకరణంలో పెడతాం. అక్కడ ఇక ఒక్క చరరాశే మిగులుతుంది. సజాతి పదాలు కలిపితే దాని విలువ బయటపడుతుంది.

పద్ధతి ఇంత చిన్నది కాబట్టి దాన్ని మర్చిపోయి లెక్క తప్పేవాళ్లు తక్కువే. బ్రాకెట్ దగ్గర, మైనస్ దగ్గర, హారం దగ్గర చెయ్యి జారి తప్పేవాళ్లే ఎక్కువ. అందుకే ఆ మూడు చోట్లా తీరిగ్గా ఆగుదాం.

పుస్తకాల్లో ఎక్స్, వై అని రాసేచోట ఇక్కడ య, క అని రాస్తున్నాం. ఈ అక్షరాలకు పాత చుట్టరికమే ఉంది. 12వ శతాబ్దంలో భాస్కరాచార్యుడు మొదటి అవ్యక్త రాశిని యావత్తావత్ అని, తర్వాతి వాటిని కాలక (నలుపు), నీలక (నీలం) అంటూ రంగుల పేర్లతో పిలిచి, పొట్టిగా యా, కా, నీ అని రాసేవాడు. ఒకే రంగువి ఒకదానితో ఒకటి కలుస్తాయి, వేరు రంగులవి విడివిడిగా ఉండిపోతాయి. మనం సజాతి పదాలు, విజాతి పదాలు అంటున్నది దీన్నే.

ముందు సజాతి పదాల సంగతి

7య, −3య, య/2 సజాతి పదాలు. 7య, 7క కావు. 7య, ఉత్త 7 కూడా కావు. కలపాల్సింది గుణకాలను (అక్షరం ముందున్న సంఖ్యలను) మాత్రమే, అక్షరం అలాగే ఉంటుంది: 5య − 8య = −3య. గుణకం కనబడకుండా ఒంటరిగా నిలబడ్డ య అంటే 1య, −క అంటే −1క. ఇది గుర్తులేకే 6య − య = 6 అని రాసేస్తుంటారు. జవాబు 5య.

పదానికి ముందున్న గుర్తు ఆ పదం సొత్తు. పదం ఎక్కడికి కదిలినా గుర్తు వెంట వెళ్లాలి. ఈ వరుస చూడండి:

8 − 3య + 5క − 2 + య − 7క

య పదాల కింద ఒక గీత, క పదాల కింద రెండు గీతలు, సంఖ్యల చుట్టూ సున్నా. గీత గీసేటప్పుడు గుర్తును కూడా కలిపి గీయండి. ఇప్పుడు −3య + య = −2య, 5క − 7క = −2క, 8 − 2 = 6. మొత్తం 6 − 2య − 2క. ఈ గీతల అలవాటు మొదట్లో టైం తినేసినట్టు అనిపిస్తుంది గానీ, పొడుగాటి సమీకరణంలో ఒక పదాన్ని వదిలేయడం, ఒకదాన్నే రెండుసార్లు కలపడం దీంతో ఆగిపోతాయి.

అన్నిటికన్నా మొండి తప్పు 8 − 3య = 5య అనుకోవడం. ఇది తప్పని తేల్చుకోవడానికి య స్థానంలో ఒక సంఖ్య పెట్టి చూడవచ్చు. కానీ 1 మాత్రం పెట్టకండి. 8 − 3×1 = 5, 5×1 కూడా 5, రెండూ సమానమైపోయి తప్పే ఒప్పులా కనబడుతుంది. 2 పెట్టండి: 8 − 6 = 2, కానీ 5×2 = 10. తేడా బయటపడింది. ఏ సూక్ష్మీకరణను పరీక్షించాలన్నా 0, 1 కాకుండా వేరే సంఖ్య పెట్టడమే మంచిది.

మెట్టు మెట్టుగా ఒక లెక్క

య + 3క = 11 … (1)
4య − 5క = −7 … (2)

(1)లో య గుణకం 1. దాన్ని విడదీస్తే భిన్నం రాదు, కాబట్టి అక్కడ మొదలుపెడదాం. 3కను అవతలికి పంపితే:

య = 11 − 3క … (3)

ఈ వరుసకు (3) అని నంబరు వేయడం మర్చిపోకండి. చివర్లో మళ్లీ దీని దగ్గరికే రావాలి.

ఇప్పుడు (2)లో య ఉన్నచోట (11 − 3క) పెట్టాలి, బ్రాకెట్‌తో సహా. (1)లో పెట్టకూడదు, ఎందుకో తర్వాత చూద్దాం.

4(11 − 3క) − 5క = −7

విభాగ న్యాయం ప్రకారం బయటి 4 లోపలి రెండు పదాలనూ గుణించాలి:

44 − 12క − 5క = −7

క పదాలు రెండూ సజాతివి. −12 − 5 = −17.

44 − 17క = −7
−17క = −7 − 44 = −51
క = −51 ÷ −17 = 3

ఆఖరి మెట్టు దగ్గర ఒక మాట. 44 అవతలికి వెళ్లినప్పుడు గుర్తు మారింది, ఎందుకంటే అది కూడికగా ఉన్న పదం: రెండు వైపులా 44 తీసేశాం. −17 మాత్రం క పక్కన గుణకారంగా ఉంది. దాన్ని వదిలించుకోవాలంటే రెండు వైపులా −17తోనే భాగించాలి. దాన్ని కూడా "అవతలికి పంపి" −51 + 17 = −34 అని రాసేవాళ్లు ఉంటారు. పక్షాంతరం (పదాన్ని సమీకరణంలో అవతలి వైపుకు పంపడం) అనే మాటను అర్థం పట్టించుకోకుండా వాడితే వచ్చే చిక్కే ఇది. పదం ఎందుకు కదులుతోందో, రెండు వైపులా ఏం చేస్తే కదిలిందో మనసులో అనుకుంటూ రాస్తే ఈ తప్పు రాదు.

క = 3ను (3)లో పెడితే య = 11 − 9 = 2. సాధన: య = 2, క = 3. రెండు విలువలూ చెప్పాలి. క దొరకగానే కలం పెట్టేస్తే అది సగం జవాబే.

సరిచూడటం: ఏ సమీకరణంలో?

"రెండింట్లోనూ" అని అందరూ చెబుతారు. ఎందుకు రెండింట్లోనూ చూడాలో తెలిస్తే, జవాబు తప్పినప్పుడు లెక్కంతా మళ్లీ మొదటినుంచి చేయనక్కర్లేదు.

పై లెక్కలోనే బ్రాకెట్ తప్పు చేశామనుకుందాం. 4 లోపలి 11ను మాత్రమే గుణించి, 3కను వదిలేసింది:

44 − 3క − 5క = −7
−8క = −51
క = 51/8

(3)లో పెడితే య = 11 − 153/8 = −65/8. ఇప్పుడు (1)లో సరిచూడండి: −65/8 + 153/8 = 88/8 = 11. సరిపోయింది! తప్పు జవాబు (1)లో నిక్షేపంగా నిలబడింది. ఇందులో వింతేమీ లేదు. య విలువను (1) నుంచే పుట్టిన (3)తో లెక్కకట్టాం కాబట్టి, క విలువ ఎంతైనా సరే (1) నెగ్గి తీరుతుంది. (2)లో పెట్టినప్పుడే దొంగ దొరుకుతుంది: −260/8 − 255/8 = −515/8. రావలసింది −7.

దీన్నుంచి పనికొచ్చే ఒక సూత్రం వస్తుంది. చరరాశిని విడదీసిన సమీకరణం సరిపోయి రెండోది తప్పితే, పొరపాటు ప్రతిక్షేపణ తర్వాత జరిగింది: బ్రాకెట్ విప్పడంలోనో, సజాతి పదాలు కలపడంలోనో. అలాకాక రెండోది సరిపోయి, విడదీసిన సమీకరణం తప్పితే, పొరపాటు విడదీసిన మెట్టులోనే ఉంది, (3)ను చూడండి. రెండూ తప్పాయంటే రెండు చోట్లా తప్పి ఉండవచ్చు, లేదా చివర్లో (3)లో విలువ పెట్టేటప్పుడు కూడికో గుణకారమో తేడా వచ్చి ఉండవచ్చు. ముందు ఆ చివరి వరుసే చూడండి, అది ఒక్క వరుస పని.

టైం లేక ఒక్కదాంట్లోనే సరిచూడగలిగితే మాత్రం, చరరాశిని విడదీయని సమీకరణంలో చూడండి. ఎక్కువ గుణకారాలు, బ్రాకెట్లు ఉండేది అటువైపే.

బ్రాకెట్ ముందు మైనస్

2య − క = 4 … (1)
5య − 3క = 9 … (2)

(1)లో క గుణకం −1. విడదీయడానికి అనువైనదే, కానీ రెండు ఉచ్చులు పక్కపక్కనే ఉన్నాయి. మొదటిది: −క = 4 − 2య వస్తుంది. ఇక్కడ ఆగి, అన్ని గుర్తులూ మార్చాలి: క = −4 + 2య, అంటే క = 2య − 4. మైనస్‌ను చూడకుండా క = 4 − 2య అని రాసేస్తే ఏమవుతుందో చేసి చూడండి. 5య − 3(4 − 2య) = 9 నుంచి 11య = 21, య = 21/11, క = 2/11. (2)లో 105/11 − 6/11 = 9, సరిపోతుంది. (1)లో 42/11 − 2/11 = 40/11, 4 రాదు. విడదీసిన సమీకరణమే తప్పింది కాబట్టి దోషం విడదీసే మెట్టులో ఉందని పైన చెప్పిన సూత్రం సరిగ్గా చూపించింది.

రెండో ఉచ్చు ప్రతిక్షేపణలో. సరైన విలువ పెడితే:

5య − 3(2య − 4) = 9

బయట ఉన్నది 3 కాదు, −3. −3 × 2య = −6య, −3 × −4 = +12.

5య − 6య + 12 = 9
−య = −3
య = 3, క = 2×3 − 4 = 2

12 ముందు ప్లస్ రావాలి. అక్కడ మైనస్ రాస్తే య = −21, క = −46 వస్తాయి. అంత పెద్ద సంఖ్యలు కనబడగానే అనుమానించాలి, కానీ అనుమానం రుజువు కాదు, (2)లో వేసి చూడాలి: −105 + 138 = 33. 9 కాదు.

ఈ మెట్టులో ఒక చిన్న జాగ్రత్త పాటించండి: బ్రాకెట్ రాసిన వరుసను ఒక వరుసగా, విప్పిన వరుసను దాని కింద ఇంకో వరుసగా ఉంచండి. మనసులోనే విప్పేసి నేరుగా −6య − 12 అని రాయడం దగ్గరే చాలా లెక్కలు తెగిపోతాయి. ఒక వరుస ఎక్కువైతే కాగితం ఖర్చు తప్ప ఇంకేమీ పోదు.

ఏ చరరాశిని విడదీయాలి?

నాలుగు గుణకాల వైపూ ఒకసారి చూడండి. 1 ఉంటే అదే. −1 ఉంటే అది రెండో ఎంపిక. రెండూ లేకపోతే, సమీకరణాల్లో ఏదైనా ఒక సంఖ్యతో మొత్తం భాగించి 1 తెప్పించుకోగలమా చూడండి: 3య + 6క = 12 అని ఉంటే అది నిజానికి య + 2క = 4. చాలామంది దీన్ని గమనించకుండా భిన్నాల్లో దిగబడతారు.

ఒక గుణకం ఇంకోదానికి గుణిజం అయినప్పుడు ఒక చక్కని దారి ఉంది, దీన్ని తగినంతగా వాడరు.

2య + 5క = −2
6య − 7క = 38

యను విడదీయకుండా 2యను విడదీయండి: 2య = −2 − 5క. 6య అంటే 3 × 2య, కాబట్టి 6య బదులు 3(−2 − 5క) పెట్టవచ్చు.

−6 − 15క − 7క = 38
−22క = 44
క = −2

2య = −2 + 10 = 8, య = 4. భిన్నం మొహం చూడకుండానే అయిపోయింది.

ఇవేవీ కుదరనప్పుడు భిన్నంతోనే పని. 3య + 2క = 16, 5య − 3క = 14 తీసుకోండి. మొదటిదాంట్లోంచి క = (16 − 3య)/2. హారం చిన్నదిగా ఉండేలా 2 ఉన్న చరరాశిని ఎంచుకున్నాం. రెండోదాంట్లో పెడితే:

5య − 3(16 − 3య)/2 = 14

ఇప్పుడు రెండు వైపులా ప్రతి పదాన్నీ 2తో గుణించాలి. ప్రతి పదాన్నీ అంటే 5యను, 14ను కూడా. భిన్నం పక్కన లేదు కదా అని 14ను వదిలేయడమే ఇక్కడి మామూలు తప్పు.

10య − 3(16 − 3య) = 28
10య − 48 + 9య = 28
19య = 76
య = 4, క = (16 − 12)/2 = 2

హారం పోయాక కూడా లవం చుట్టూ బ్రాకెట్ ఉంచామని గమనించండి. భిన్నపు గీత తనంతట తానే బ్రాకెట్ పని చేస్తుంది. గీత పోగానే బ్రాకెట్ రాయకపోతే −3 కేవలం 16కే అంటుకుంటుంది.

గుణకాలు అన్నీ 7, 9, 11 లాంటివైతే చరరాశిని తొలగించే పద్ధతికి మారిపోవడమే తెలివైన పని. లెక్కలో ఫలానా పద్ధతిలో చేయమని అడగనంతవరకు ప్రతిక్షేపణనే పట్టుకుని వేలాడనక్కర్లేదు.

మధ్యలోనే ఒక సరిచూపు

సజాతి పదాలు కలిపాక మిగిలిన గుణకం సరైనదో కాదో జవాబు రాకముందే తెలుసుకోవచ్చు. రెండు సమీకరణాల గుణకాలను అడ్డంగా (ఒకదాని య గుణకాన్ని రెండోదాని క గుణకంతో) గుణించి తీసివేయండి. మొదటి లెక్కలో 1×(−5) − 4×3 = −17. మనకు వచ్చింది −17క. హారం ఉన్న లెక్కలో 3×(−3) − 5×2 = −19, మనకు 19య వచ్చింది. గుర్తు మారవచ్చు, సంఖ్య మాత్రం కలవాలి. విడదీసిన చరరాశి గుణకం 1 గానీ −1 గానీ అయితే, లేదా ఆ గుణకంతోనే గుణించి హారాన్ని పోగొడితే ఇది పనిచేస్తుంది. 2యను మొత్తంగా పెట్టిన లెక్కలో అడ్డగుణకారం −44 ఇస్తుంది, వచ్చింది −22. అక్కడ 2తో గుణించలేదు కాబట్టి సగమే రావాలి.

చిందరవందరగా ఇచ్చినప్పుడు

3(య − 2) + 2క = య + 4
4య − 2(క − 3య) = 3క + 5

దీన్ని ఇలా ఉండగానే ప్రతిక్షేపణ మొదలుపెట్టకూడదు. ముందు బ్రాకెట్లు విప్పి, అక్షరాలన్నీ ఎడమవైపు, సంఖ్యలన్నీ కుడివైపు చేర్చండి. మొదటిది 3య − 6 + 2క = య + 4, అంటే 2య + 2క = 10, 2తో భాగిస్తే య + క = 5. రెండోది 4య − 2క + 6య = 3క + 5, అంటే 10య − 5క = 5, 5తో భాగిస్తే 2య − క = 1.

ఇప్పుడు క = 5 − య అని మొదటిదాంట్లోంచి తీస్తే రెండోదాంట్లో మైనస్ బ్రాకెట్ వస్తుంది. క = 2య − 1 అని రెండోదాంట్లోంచి తీస్తే మొదటిదాంట్లో ప్లస్ వెనకే పడుతుంది: య + 2య − 1 = 5, య = 2, క = 3. జవాబును అసలు ఇచ్చిన రూపంలోనే సరిచూడండి, మనం సరళం చేసుకున్న రూపంలో కాదు. సరళం చేయడంలోనే తప్పితే, సరళరూపం ఆ తప్పును దాచేస్తుంది. మొదటిది: ఎడమవైపు 0 + 6, కుడివైపు 2 + 4. రెండోది: ఎడమవైపు 8 − 2(−3) = 14, కుడివైపు 9 + 5 = 14.

చరరాశి మాయమైపోతే

య − 2క = 3, 2య − 4క = 9 తీసుకుని య = 3 + 2క అని పెడితే 6 + 4క − 4క = 9, అంటే 6 = 9. ఇది ఎన్నటికీ నిజం కాదు, కాబట్టి సాధన లేదు. గ్రాఫు గీస్తే రెండూ సమాంతర రేఖలు. అదే రెండో సమీకరణం కుడివైపు 9 బదులు 6 ఉంటే 6 = 6 వస్తుంది. రెండు సమీకరణాలూ ఒకే రేఖవి, సాధనలు అనంతం: కకు ఏ విలువ ఇచ్చినా య = 3 + 2క సరిపోతుంది.

వీటితో 7క = 0 ను కలపకండి. అక్కడ చరరాశి మాయమవలేదు, క = 0 అని మామూలుగా ఒకే ఒక్క సాధన వచ్చింది.

ఇంకో మోసపు 11 = 11 ఉంది. య = 11 − 3క ను తిరిగి (1)లోనే పెడితే 11 − 3క + 3క = 11, చివరికి 11 = 11. "సాధనలు అనంతం" అని రాసేసే ముందు, ఏ సమీకరణంలో ప్రతిక్షేపించారో నంబరు చూసుకోండి. ఒక సమీకరణం తన గురించి తనకే చెబితే కొత్త విషయం ఏమీ తెలియదు. మొదటి లెక్కలో (1)లో పెట్టకూడదన్నది ఇందుకే.

మాటల్లో ఇచ్చిన లెక్క

రెండంకెల సంఖ్యలో అంకెల మొత్తం 12. అంకెలు తారుమారు చేస్తే వచ్చే సంఖ్య అసలు సంఖ్య కంటే 18 ఎక్కువ. ఆ సంఖ్య ఎంత?

పదుల అంకె య, ఒకట్ల అంకె క అనుకోండి. సంఖ్య యక కాదు (అది య × క అవుతుంది), 10య + క. తారుమారు చేస్తే 10క + య.

య + క = 12
10క + య = 10య + క + 18

రెండోదాంట్లో సజాతి పదాలు కలిపితే 9క − 9య = 18, 9తో భాగిస్తే క − య = 2, క = య + 2. మొదటిదాంట్లో పెడితే య + య + 2 = 12, య = 5, క = 7.

ఇక్కడ సమీకరణాల్లో సరిచూస్తే చాలదు, ఎందుకంటే సమీకరణమే తప్పుగా రాసుకుని ఉండవచ్చు. "అసలు సంఖ్య కంటే 18 ఎక్కువ" అన్నదాన్ని తిరగేసి 18ని అవతలివైపు కలిపితే 75 వస్తుంది, మీ సమీకరణాల్లో అది చక్కగా సరిపోతుంది కూడా. ప్రశ్నలోని మాటలతోనే పోల్చండి: 57లో అంకెల మొత్తం 12, తిరగేస్తే 75, 75 − 57 = 18.